నెల్లూరు గొర్రెల లింఫోసైట్ పరీక్షలలో ప్లాస్మా ఎంజైముల ప్రభావం: డి.ఎన్.ఏ. సంశ్లేషణ కొలతలో జరిగే పొరపాట్లు, వాటి గుర్తింపు

సారాంశం

టీకా పొందిన గొర్రెలలో కణసంబంధ రోగనిరోధక స్పందనను అంచనా వేయడానికి లింఫోసైట్ల విభజనను ప్రయోగశాలలో కొలుస్తారు. ఇందుకు ట్రిటియంతో గుర్తు వేసిన థైమిడిన్ ఎంత మేరకు డి.ఎన్.ఏ.లో చేరిందో లెక్కించడం చిరకాలంగా ప్రామాణిక పద్ధతి. అయితే కణవర్ధనంలో కలిపిన ప్లాస్మా గాని, సీరం గాని కేవలం పోషక ద్రవం కాదు. అందులోని ఎంజైములు థైమిడిన్‌ను విడగొట్టగలవు, గుర్తులేని థైమిడిన్‌ను విడుదల చేయగలవు, కణాలకు హాని చేసే పదార్థాలను పుట్టించగలవు. ఫలితంగా విభజన సజావుగా ఉన్నా లెక్కింపు తగ్గవచ్చు. లేదా గొర్రె శరీరంలో లేని అవరోధం పరీక్షా గుంటలో ఏర్పడవచ్చు. ఈ ప్రభావాల స్వరూపం, వాటిని వేరుచేసి గుర్తించే విధానం, క్షేత్రస్థాయిలో నమూనాల సేకరణలో పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

కీలక పదాలు: నెల్లూరు గొర్రె, లింఫోసైట్ విభజన, థైమిడిన్, థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్, అమీన్ ఆక్సిడేజ్, ప్లాస్మా

పరిచయం

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలు ప్రధానంగా మెట్ట భూములు. వర్షాధారపు పంట చేతికి రాని ఏడాదిలో కుటుంబాన్ని నిలబెట్టేది గొర్రెల మందే. ఈ జిల్లా పేరుతోనే ప్రసిద్ధి చెందిన నెల్లూరు జాతి దేశంలోని గొర్రెలన్నింటిలో ఎత్తైనది. ఒళ్లంతా తెల్లగా ఉండే పల్ల, మూతి, కళ్ల చుట్టూ నల్లని మచ్చలు గల జోడిపి, ఎర్రగోధుమ రంగులో ఉండే దొర అనే మూడు రకాలు ఈ జాతిలో ఉన్నాయి.

ఈ మందలకు ప్రధాన శత్రువులు పి.పి.ఆర్., నీలినాలుక, చిటుకు రోగం వంటి వ్యాధులు. పి.పి.ఆర్. వ్యాధిని మన దేశంలో తొలిసారిగా 1987లో తమిళనాడులో గుర్తించారు. 2030 నాటికి దీనిని ప్రపంచమంతటా నిర్మూలించాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. ఇటువంటి కార్యక్రమాలలో టీకా వేయడంతో పని పూర్తికాదు. మందలో రక్షణ ఏర్పడినదా లేదా అన్నది తేల్చాలి. ప్రతిరక్షకాల కొలత ఒక సమాధానం ఇస్తుంది. లింఫోసైట్ల స్పందన మరొక సమాధానం ఇస్తుంది.

ఈ రెండవ సమాధానం వద్దనే చిక్కు ఉన్నది. ఒక మందలోని గొర్రెల లింఫోసైట్లు తక్కువ లెక్కింపు చూపితే, టీకా సరిగా పనిచేయలేదని గాని, ఆ జీవాల రోగనిరోధక శక్తి క్షీణించిందని గాని నిర్ధారణకు రావడం సులభం. పి.పి.ఆర్. వైరస్ స్వయంగా లింఫోసైట్లను దెబ్బతీస్తుంది కనుక అటువంటి నిర్ధారణ సహజంగానే తోస్తుంది. కాని ఆ లెక్కింపును తగ్గించినది గొర్రె కణమా, లేక పరీక్షా గుంటలో ఆ కణం చుట్టూ ఉన్న ప్లాస్మానా అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం కావాలి.

కొలత యొక్క మూలసూత్రం

డి.ఎన్.ఏ.లోని నాలుగు క్షారాలలో థైమిన్ ఆర్.ఎన్.ఏ.లో సాధారణంగా ఉండదు. అందువల్ల థైమిన్‌ను మోసే థైమిడిన్‌కు గుర్తు వేసినచో ఆ గుర్తు దాదాపుగా డి.ఎన్.ఏ.లోనే చేరుతుంది. 1957లో టేలర్, వుడ్స్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు ట్రిటియం గుర్తు గల థైమిడిన్‌ను బాకలా చిక్కుడు వేళ్ల కొనలకు అందించి, క్రోమోజోములు రెట్టింపయ్యే తీరును నిరూపించారు. పైరు మొక్క వేరులో మొదలైన ఈ పద్ధతి కొద్దికాలంలోనే జంతుకణాల అధ్యయనానికి విస్తరించింది. 1960లో పీటర్ నోవెల్ చిక్కుడు గింజల నుండి లభించే ఫైటోహీమాగ్లుటినిన్ లింఫోసైట్లను విభజనకు పురికొల్పుతుందని కనుగొన్నాడు. జాక్ బీన్ గింజల నుండి వచ్చే కాంకనావలిన్-ఎ కూడా అటువంటి ఉద్దీపకమే.

నేటి సాధారణ విధానంలో ఒక్కొక్క గుంటలో 200 మైక్రోలీటర్ల ద్రవంలో సుమారు 2 లక్షల లింఫోసైట్లను ఉంచి, ఉద్దీపకాన్ని గాని, టీకాకు సంబంధించిన ప్రతిజనకాన్ని గాని చేర్చుతారు. సుమారు 72 గంటల వర్ధనంలో చివరి 16 నుండి 18 గంటలు గుర్తు వేసిన థైమిడిన్ ఉంటుంది. తరువాత కణాలను గాజునార వడపోత కాగితంపైకి తీసి, అందులో నిలిచిన రేడియోధార్మికతను నిమిషానికి ఇన్ని లెక్కింపులుగా నమోదు చేస్తారు. ఉద్దీపన గల గుంట లెక్కింపును ఉద్దీపన లేని గుంట లెక్కింపుతో భాగిస్తే ఉద్దీపన సూచిక వస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కణం డి.ఎన్.ఏ.కు కావలసిన థైమిడిన్ అంశాన్ని రెండు మార్గాలలో పొందుతుంది. మొదటిది, ఫోలేట్ సహాయంతో థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైము ద్వారా తానే తయారు చేసుకొనడం. రెండవది, వెలుపలి థైమిడిన్‌ను లోనికి తీసుకొని థైమిడిన్ కైనేజ్ ద్వారా వినియోగించుకొనడం. గుర్తు ఈ రెండవ మార్గంలోనే ప్రవేశిస్తుంది. అనగా పరీక్ష కొలిచేది మొత్తం డి.ఎన్.ఏ. సంశ్లేషణను కాదు, వెలుపలి నుండి వచ్చి చేరిన గుర్తును మాత్రమే. ఈ రెంటి నడుమ నిష్పత్తి స్థిరంగా ఉన్నంత వరకే లెక్కింపును సంశ్లేషణకు కొలమానంగా తీసుకొనవచ్చు.

ఈ రెండు మార్గాల సంబంధాన్ని వెలుగులోకి తెచ్చిన ఔషధాల చరిత్రలో ఒక తెలుగు శాస్త్రవేత్త పాత్ర ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వంటి ఫోలేట్ వ్యతిరేకాలు రూపొందాయి. ఇవి మొదటి మార్గాన్ని మూసివేస్తాయి. అప్పుడు కణం బతికి విభజన చెందడానికి వెలుపలి థైమిడిన్ మీద ఆధారపడుతుంది. ఏకకణజ ప్రతిరక్షకాల తయారీలో వాడే హ్యాట్ మాధ్యమంలో అమినోప్టెరిన్‌తో పాటు థైమిడిన్‌ను చేర్చడానికి కారణం ఇదే. వెలుపలి థైమిడిన్ పరిమాణం ఎంత కీలకమో, దానిని మార్చగల ప్లాస్మా ఎంజైములు అంతే కీలకమని దీని నుండి గ్రహించవచ్చు.

ప్లాస్మా ఎంజైములు జోక్యం చేసుకొనే మూడు విధానాలు

1. గుర్తును విడగొట్టడం

థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము ఫాస్ఫేట్ సమక్షంలో థైమిడిన్‌ను థైమిన్‌గానూ, డీఆక్సీరైబోజ్-1-ఫాస్ఫేట్‌గానూ విడగొడుతుంది. క్షీరద కణాలు థైమిన్‌ను డి.ఎన్.ఏ. నిర్మాణానికి దాదాపుగా ఉపయోగించుకొనలేవు. అందువల్ల గుర్తు ద్రవంలోనే ఉన్నప్పటికీ కణానికి పనికిరాకుండా పోతుంది.

మానవ రక్తంలో ఈ ఎంజైము రక్తఫలకికలలో సమృద్ధిగా ఉంటుంది. ఫలకికల నుండి వేరుచేసి, రక్తనాళ కణాలను పెంచే కారకంగా మొదట భావించిన ప్రోటీను ఈ ఎంజైమేనని 1990ల ఆరంభంలో తేలింది. 1999లో మరొక ఆధారం లభించింది. ఈ ఎంజైము జన్యువు లోపించిన రోగులలో నాడీ, జీర్ణ వ్యవస్థలకు సంబంధించిన ఒక అరుదైన వ్యాధి వస్తుందని గుర్తించారు. ఆరోగ్యవంతుల ప్లాస్మాలో అత్యల్పంగా ఉండే థైమిడిన్ ఈ రోగులలో 3 మైక్రోమోలార్‌ను మించుతుంది. రక్తంలోని థైమిడిన్‌ను నిరంతరం తొలగిస్తూ ఉండే శక్తి ఈ ఎంజైముకు ఎంత ఉన్నదో దీనివల్ల స్పష్టమవుతుంది.

ప్లాస్మాకు, సీరానికి గల భేదం ఇక్కడ ముఖ్యమవుతుంది. రక్తం గడ్డకట్టేటప్పుడు ఫలకికలు తమలోని పదార్థాలను సీరంలోకి విడుదల చేస్తాయి. తక్కువ వేగంతో తిప్పి తీసిన ప్లాస్మాలో ఫలకికలు సజీవంగా మిగిలి ఉంటాయి. రెండు మార్లు తిప్పి ఫలకికలను తొలగించిన ప్లాస్మా ఈ రెంటికీ భిన్నమైనది. ఒకే గొర్రె రక్తం నుండి తీసిన ఈ మూడు ద్రవాలు మూడు వేర్వేరు లెక్కింపులను ఇవ్వవచ్చు. ఎంజైము పరిమాణం జాతిని బట్టి మారుతుంది కనుక మానవ రక్తపు విలువలను గొర్రెకు అన్వయించరాదు. గొర్రె ప్లాస్మాలోనే కొలవాలి.

కాలవ్యవధి ప్రభావాన్ని ఒక లెక్కతో చూపవచ్చు. ప్లాస్మా గల ద్రవంలో ప్రతి 4 గంటలకు థైమిడిన్ సగానికి తగ్గుతున్నదని, కణాలు దానిని అప్పటి గాఢతకు అనులోమంగా తీసుకుంటున్నాయని భావించినచో ఫలితం ఇలా ఉంటుంది.

పట్టిక 1. గుర్తు ఉంచిన కాలాన్ని బట్టి లెక్కింపులో తగ్గుదల (ఊహాత్మక గణన)

| గుర్తు ఉంచిన కాలం | చివరకు మిగిలే థైమిడిన్ | నష్టం లేని స్థితితో పోల్చిన లెక్కింపు |
|---|---|---|
| 2 గంటలు | 71 శాతం | 85 శాతం |
| 4 గంటలు | 50 శాతం | 72 శాతం |
| 8 గంటలు | 25 శాతం | 54 శాతం |
| 16 గంటలు | 6 శాతం | 34 శాతం |

కణాల విభజనలో ఏ మార్పూ లేకుండానే 16 గంటల పరీక్షలో లెక్కింపు మూడవ వంతుకు పడిపోతుంది. అదే పరీక్షను 4 గంటలకు కుదిస్తే నష్టం నాలుగవ వంతు దరిదాపులలో ఆగుతుంది.

ఉద్దీపన సూచిక ఈ దోషాన్ని సరిదిద్దుతుందనే అభిప్రాయం ఉన్నది. అది పాక్షికంగానే నిజం. ఉద్దీపన గల గుంటలో 24,000, లేని గుంటలో 1,200 లెక్కింపులు ఉన్నచో సూచిక 20. రెండూ 34 శాతానికి తగ్గితే 8,160, 408 అవుతాయి, సూచిక మారదు. కాని రెండు గుంటల భేదం 22,800 నుండి 7,752కు పడిపోతుంది. పైగా యంత్రపు నేపథ్య లెక్కింపు 200 ఉండి, దానిని తీసివేయకపోతే సూచికలు వరుసగా 17.3, 13.8 అవుతాయి. అనగా దోషం సూచికలోకి కూడా చొరబడుతుంది.

2. గుర్తును పలుచబరచడం

ప్లాస్మాలో డి.ఎన్.ఏ.ను ఖండించే డీఎన్ఏజ్, ఖండాలను విడి న్యూక్లియోటైడులుగా మార్చే ఫాస్ఫోడైఎస్టరేజ్, ఫాస్ఫేట్‌ను తొలగించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, 5-ప్రైమ్ న్యూక్లియోటైడేజ్ ఉంటాయి. వర్ధనంలో కొన్ని కణాలు చనిపోవడం సహజం. వాటి డి.ఎన్.ఏ. ఈ ఎంజైముల వరుసలో నడిచి చివరకు గుర్తులేని థైమిడిన్‌గా మారుతుంది.

5 క్యూరీలు ప్రతి మిల్లీమోల్ విశిష్ట ధార్మికత గల థైమిడిన్‌ను గుంటకు 1 మైక్రోక్యూరీ చొప్పున 200 మైక్రోలీటర్లలో చేర్చితే దాని గాఢత 1 మైక్రోమోలార్ మాత్రమే. మృతకణాల నుండి మరొక 1 మైక్రోమోలార్ గుర్తులేని థైమిడిన్ విడుదలైతే, కణం తీసుకొనే ప్రతి రెండు అణువులలో ఒకటి గుర్తు లేనిదవుతుంది. కణం థైమిడిన్‌ను తన పూర్తి సామర్థ్యంతో తీసుకుంటున్న స్థితిలో లెక్కింపు సగానికి తగ్గుతుంది. దూరప్రాంతం నుండి ఆలస్యంగా చేరిన నమూనాలో మృతకణాలు ఎక్కువగా ఉంటాయి కనుక ఈ దోషం క్షేత్రపు నమూనాలలో మరింత అవకాశం గలది. మాక్రోఫేజ్ కణాలు కూడా థైమిడిన్‌ను విడుదల చేస్తాయి. లింఫోసైట్లను అణచివేసే కారకాలుగా ఒకప్పుడు వర్ణించబడిన కొన్ని పదార్థాలు చివరకు గుర్తులేని థైమిడిన్‌గా తేలడం ఈ రంగం నేర్చుకొన్న పాఠం.

3. కణాలను నిజంగానే నిరోధించడం

మొదటి రెండు సందర్భాలలో తగ్గినది లెక్కింపు మాత్రమే. మూడవ సందర్భంలో డి.ఎన్.ఏ. సంశ్లేషణ నిజంగానే తగ్గుతుంది. అయితే ఆ తగ్గుదల పరీక్షా గుంటకు పరిమితమైనది.

రుమినెంట్ జంతువుల విషయంలో దీనికి ముఖ్య ఉదాహరణ అమీన్ ఆక్సిడేజ్. గొర్రె, పశువుల సీరంలో స్పెర్మిన్, స్పెర్మిడిన్‌లను ఆక్సీకరించే ఈ ఎంజైమును 1953లో జేమ్స్ హిర్ష్ వర్ణించాడు. ఇది రాగిని కలిగిన ఎంజైము. దీని చర్యవల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియాలతో పాటు కణాలకు విషప్రాయమైన ఆల్డిహైడ్లు పుడతాయి. విభజన చెందుతున్న కణాలు పాలీఅమీన్లను అధికంగా తయారు చేస్తాయి. కనుక ఉద్దీపన పొందిన గుంటలోనే హాని అధికంగా జరిగే అవకాశం ఉన్నది. తత్ఫలితంగా ఉద్దీపన సూచిక కూడా పడిపోతుంది. మొదటి దోషంలో వలె అది రక్షణ ఇవ్వదు. మానవ ప్లాస్మాలో ఈ ఎంజైము చర్య చాలా తక్కువ. కాబట్టి మానవ కణాలకు రూపొందించిన విధానాన్ని యథాతథంగా గొర్రె కణాలకు, గొర్రె ప్లాస్మాకు వాడడం సరికాదు.

మరొకటి ఆర్జినేజ్. లింఫోసైట్ల విభజనకు ఆర్జినిన్ అవసరం. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు ఆర్జినేజ్ ప్లాస్మాలోకి చేరి వర్ధనంలోని ఆర్జినిన్‌ను హరిస్తుంది. గొర్రెలలో కాలేయాన్ని దెబ్బతీసే ప్రధాన కారణాలలో కార్జపు జలగ ఒకటి. చెరువు లోతట్టులోను, కాలువ గట్లపైన నత్తలున్న తడి పచ్చికలోను మేసే మందకు ఇది సోకుతుంది. గుట్ట పోరంబోకులో మేసే మందకు సోకే అవకాశం తక్కువ. ఈ రెండు మందలకు ఒకే టీకా వేసి, ఎవరి ప్లాస్మాలో వారి కణాలను పెంచి పోల్చినచో, కనిపించిన భేదం టీకాది కాక కాలేయానిది కావచ్చు.

దీనికి వ్యతిరేక దిశలో పనిచేసే ఎంజైములూ ఉన్నవి. అడినోసిన్ లింఫోసైట్లను నిరోధిస్తుంది; సీరంలోని అడినోసిన్ డీఅమినేజ్ దానిని ఇనోసిన్‌గా మార్చి ఆ నిరోధాన్ని తొలగించగలదు. కాబట్టి ప్లాస్మా ప్రభావం ఎల్లప్పుడూ లెక్కింపును తగ్గించేదే అని భావించరాదు.

దోషాన్ని గుర్తించే పరీక్షలు

కణరహిత పరీక్ష: కణాలు లేకుండా ప్లాస్మా కలిపిన మాధ్యమంలో గుర్తు థైమిడిన్‌ను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, 0, 2, 4, 8, 16 గంటలకు కొద్దికొద్దిగా తీసి, పలుచని పొర క్రోమటోగ్రఫీ ద్వారా థైమిడిన్‌ను, థైమిన్‌ను వేరుచేసి లెక్కించాలి. థైమిన్ పెరుగుతూ ఉంటే మొదటి దోషం రుజువైనట్లే. అన్ని పరీక్షలలోను ఇది సులభమైనది, ముందుగా చేయవలసినది.

ప్లాస్మా మార్పిడి పరీక్ష: తక్కువ లెక్కింపు చూపిన గొర్రె కణాలను, ఎక్కువ చూపిన గొర్రె ప్లాస్మాలోను, వాటిని తిరిగి వీటిలోను పెంచాలి. తక్కువ లెక్కింపు కణాన్ని అనుసరిస్తే దోషం కణంలో ఉన్నది. ప్లాస్మాను అనుసరిస్తే ప్లాస్మాలో ఉన్నది.

ప్లాస్మా తొలగింపు: గుర్తు చేర్చడానికి ముందు కణాలను కడిగి, ప్లాస్మా లేని తాజా మాధ్యమంలో ఉంచి 4 గంటలు మాత్రమే గుర్తు ఇవ్వాలి. లెక్కింపు కోలుకొన్నచో మొదటి లేదా రెండవ దోషం. కోలుకొననిచో మూడవ దోషం గాని, నిజమైన బలహీనత గాని అయి ఉండవచ్చు.

నిరోధకాల వినియోగం: అమీన్ ఆక్సిడేజ్‌ను అమినోగ్వానిడిన్ నిరోధిస్తుంది. థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్‌ను టిపిరాసిల్ నిరోధిస్తుంది. థైమిడిన్‌ను పోలిన ట్రైఫ్లూరిడిన్ అనే క్యాన్సర్ ఔషధం శరీరంలో త్వరగా విడిపోకుండా దానితో కలిపి ఇచ్చే పదార్థం ఈ టిపిరాసిలే. ప్రయోగశాలలోని సమస్యా, చికిత్సలోని సమస్యా ఒకే ఎంజైము వల్ల ఏర్పడినవి.

రెండవ పద్ధతితో సరిచూపు: బ్రోమోడీఆక్సీయూరిడిన్ వాడకంలో రేడియోధార్మికత లేకపోయినా, దానిని కూడా థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ విడగొడుతుంది; కాబట్టి మొదటి దోషం విషయంలో అది స్వతంత్ర సాక్ష్యం కాదు. కణంలోని ప్రోటీన్లకు అంటుకొని, ప్రతి విభజనలో సగానికి తగ్గే సి.ఎఫ్.ఎస్.ఇ. వర్ణకం, లేదా నేరుగా కణాల సంఖ్య లెక్కింపు స్వతంత్ర సాక్ష్యాలు.

గుర్తులేని థైమిడిన్‌ను అదనంగా చేర్చి దోషాన్ని అధిగమించే ప్రయత్నంలో పరిమితి పాటించాలి. మిల్లీమోలార్ స్థాయిలో థైమిడిన్ స్వయంగా డి.ఎన్.ఏ. సంశ్లేషణను ఆపివేస్తుంది. అలాగే 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేయడం ప్రధానంగా కాంప్లిమెంట్ చర్యను నిర్మూలించడానికి ఉద్దేశించినది. దానితో ఎంజైములన్నీ నశించాయని భావించరాదు. మైకోప్లాస్మా కలుషితం కూడా థైమిడిన్‌ను విడగొడుతుంది కనుక, ప్లాస్మాను దోషిగా నిర్ణయించే ముందు ఆ పరీక్ష జరగాలి.

క్షేత్రంలో నమూనాల సేకరణ

ఈ దోషాలలో అనేకం ప్రయోగశాలలో కాక మంద దొడ్డిలోనే మొదలవుతాయి. కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర కీలకమైనది.

మెడసిర నుండి రక్తాన్ని నిదానంగా, హెపారిన్ గల గొట్టంలోకి తీయాలి. బలంగా లాగడం, గొట్టాన్ని కుదపడం వల్ల ఎర్రకణాలు పగిలి వాటిలోని ఎంజైములు ప్లాస్మాలో చేరతాయి. ఎర్రబారిన ప్లాస్మాను వర్ధనానికి వాడరాదు. ఇ.డి.టి.ఎ. కాల్షియాన్ని బంధించి లింఫోసైట్ల ఉద్దీపనను అడ్డుకుంటుంది. పోల్చదలచిన జీవాలన్నింటికీ ఒకే ప్రతిస్కందకం వాడాలి. ఎండాకాలంలో రక్తాన్ని వాహనంలో వేడికి గురికానీయరాదు. మంచుగడ్డకు నేరుగా తగలనీయరాదు. సేకరించిన సమయం, ప్రయోగశాలకు చేరిన సమయం రెండూ నమోదు చేయాలి.

తక్కువ రక్తంతో సరిపోతుందని, కణాలను వేరుచేసే శ్రమ ఉండదని పలుచబరచిన పూర్తి రక్తాన్నే వర్ధనం చేసే పద్ధతి క్షేత్ర అధ్యయనాలలో అనుకూలంగా కనిపిస్తుంది. అయితే అందులో ప్లాస్మా, ఫలకికలు, ఎర్రకణాలు అన్నీ ఉంటాయి. ఈ పద్ధతిని ఎంచుకొన్నప్పుడు కణరహిత పరీక్ష, ప్లాస్మా మార్పిడి పరీక్ష తప్పనిసరి.

ప్రతి జీవానికి వయస్సు, చూడి స్థితి, మేత ప్రదేశం, జలగ గుడ్ల కోసం పేడ పరీక్ష ఫలితం నమోదు కావాలి. పెరిగే పిల్లలలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉండడం వంటి సహజ భేదాలు ఈ వివరాలు లేకుండా అర్థం కావు.

ముగింపు

వడపోత కాగితంపై నిలిచిన రేడియోధార్మికత ఒక అంకెను మాత్రమే ఇస్తుంది. ఆ అంకెకు, గొర్రె లింఫోసైటులో జరిగిన డి.ఎన్.ఏ. సంశ్లేషణకు నడుమ ప్లాస్మా ఉన్నది. అది గుర్తును విడగొట్టి ఉండవచ్చు, పలుచబరచి ఉండవచ్చు, కణాన్నే నిరోధించి ఉండవచ్చు. ఈ మూడింటినీ వేరుచేయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. కణరహిత పరీక్ష, ప్లాస్మా మార్పిడి, తక్కువ వ్యవధి గుర్తు అనే మూడు నియంత్రణలు చాలావరకు సరిపోతాయి.

నివేదికలో ప్లాస్మా లేదా సీరం మూలం, శాతం, తిప్పిన విధానం, గుర్తు ఉంచిన కాలం, విశిష్ట ధార్మికత, నేపథ్య లెక్కింపు స్పష్టంగా పేర్కొనబడాలి. ఉద్దీపన సూచికతో పాటు అసలు లెక్కింపులను కూడా ఇవ్వాలి. ఈ వివరాలు లేని తక్కువ లెక్కింపు ఆధారంగా ఒక టీకా విఫలమైనదని ప్రకటిస్తే, దాని పర్యవసానం పత్రికలోని పట్టికతో ఆగదు. మరుసటి ఏడు టీకా బృందం వచ్చినప్పుడు కాపరి తన మందను ముందుకు తోలడానికి వెనుకాడతాడు. ప్లాస్మా చేసిన పొరపాటుకు మంద మూల్యం చెల్లించకుండా చూడడం ప్రయోగశాల బాధ్యత.